కల్వర్టు దగ్గర పదకొండు లారీలు

మా మామగారు ఇరవయ్యారేళ్ళుగా సెప్టిక్ ట్యాంకు లారీ నడుపుతున్నారు. ఎవరింట్లో గుంత నిండినా ఆయనకు ఫోను వస్తుంది. వెళ్ళి మూత తీసి, గొట్టం దించి, మోటారు పెట్టి లాగేసి, మళ్ళీ మూత బిగించి చుట్టూ కడిగి వస్తారు. ముప్పావుగంట పని. ఆ ముప్పావుగంటా ఇంటివాళ్ళు కిటికీలు మూసుకుని లోపల కూర్చుంటారు. కొందరైతే వీధి చివరిదాకా వెళ్ళి నిలబడి, లారీ కదిలాకగానీ తిరిగి రారు.

"వాళ్ళదేనమ్మా అదంతా. నేనేమైనా మా ఇంటినుంచి పట్టుకెళ్ళానా? నన్ను చూసి ముక్కు మూసుకుంటారు" అనేవారు నాతో.

నేను ఆ ఇంటికి కోడలిగా వెళ్ళిన కొత్తలో ఆయన స్నానాలు చూసి బిత్తరపోయాను. పనినుంచి రాగానే పెరట్లో ఒకటి, లోపలికొచ్చి ఇంకొకటి. గోళ్ళ సందులు పాత బ్రష్షుతో తోముకునేవారు. "సబ్బుల కంపెనీవాళ్ళు ఏదో ఒకరోజు ఈయనకు శాలువా కప్పుతారు చూడు" అనేవారు మా అత్తగారు. ఆయన నవ్వేవారు కాదు.

ఊరికి పద్నాలుగు కిలోమీటర్ల అవతల మురుగు శుద్ధిచేసే ప్లాంటు ఉంది. లారీలన్నీ అక్కడే ఖాళీ చేయాలని రూలు. కానీ అక్కడ గొట్టం తగిలించడానికి ఉన్న వాల్వు ఒక్కటే. పదింటికి వెళితే ముందు మూడు నాలుగు లారీలుంటాయి, మూడు గంటలు ఎండలో కాచుకోవాలి. అదే దారిలో సగం దూరం పోయాక రోడ్డు కింద ఒక కల్వర్టు, దాని అవతల పెద్ద మడుగు. తుంగా రెల్లూ పెరిగి, చలికాలంలో ఎక్కడెక్కడివో పక్షులొచ్చి వాలేవి. కల్వర్టు పక్కన లారీ ఆపి వెనక మూత తిప్పితే పదినిమిషాల్లో ఖాళీ. ఊళ్ళో లారీలు మొత్తం పదకొండు. నూటికి ఎనభై లోడ్లు ఆ మడుగులోకే పోయేవి.

దాచడం దేనికి, మా మామగారూ పోశారు. మొదలుపెట్టింది ఆయన కాదు, అందరూ మొదలుపెట్టాక ఆగిందీ లేదు. ఎనిమిదేళ్ళు పోశారు.

మా అమ్మాయి రెండో తరగతిలో ఉండగా బడివాళ్ళు పిల్లల్ని పక్షులు చూపించడానికని ఆ మడుగు దగ్గరికి తీసుకెళ్ళారు. సాయంత్రం వచ్చి, భోంచేస్తున్న తాతగారి పక్కన చేరింది.

"తాతయ్యా, అక్కడ నీ లారీ వాసన వచ్చింది. ఏం వాసనో అర్థం కావట్లేదని టీచరు అంటే, నాకు తెలుసని చెప్పాను."

"ఏమని చెప్పావు?"

"మా తాతయ్య వాసన అని."

ఆయన చేతిలో ముద్ద కంచంలో పెట్టేసి లేచారు. చేతులు కడుక్కోవడానికి వెళ్ళి చాలాసేపు రాలేదు. ఆ తర్వాత మూడురోజులు ఇంట్లో ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. పిల్లను దగ్గరికి పిలవలేదు.

నాలుగోరోజునుంచి లోడు తీసుకుని ప్లాంటుకే వెళ్ళడం మొదలుపెట్టారు. కల్వర్టు దగ్గర ఆగిన మిగతా లారీలవాళ్ళు హారన్లు కొట్టి వెక్కిరించేవారు. అందులో బక్కోడని ఒకడున్నాడు. నలభై ఏళ్ళవాడు, చువ్వలా ఉంటాడు, నోటికి హద్దులేదు. "పెద్దాయన పుణ్యం మూటకడుతున్నాడ్రోయ్" అని కేకేసేవాడట. వరుసలో మూడు గంటలు పోవడంతో మామగారు రోజుకు రెండిళ్ళు వదులుకోవాల్సివచ్చింది. ఆ రెండిళ్ళవాళ్ళూ బక్కోడిని పిలుచుకున్నారు. పన్నెండు రోజులు చూసి, పదమూడోరోజు మామగారు మళ్ళీ కల్వర్టు దగ్గరే ఆగారు.

ఆ రాత్రి నాతో అన్నారు: "నేనొక్కణ్ణీ మానేస్తే మడుక్కి ఏం ఒరిగిందమ్మా? నా రెండు లోడ్లూ వాడు తీసుకెళ్ళి అక్కడే పోశాడు. తగ్గింది లేదు, పెట్టింది లేదు. నా కడుపు మాడింది, అంతే."

అలా అని ఊరుకుంటే మనసు ఊరుకోలేదు. పోసి వచ్చిన రోజు ఆయన మొహం చూడబుద్ధయ్యేది కాదు. అద్దంలో తన మొహం తనకే చూడబుద్ధయ్యేది కాదనుకుంటాను, గడ్డం గీసుకోవడం కూడా మానేశారు.

ఆ ఏడాదే ఒక కాలేజీనుంచి ఒకావిడ వచ్చింది. మడుగు మీద పరిశోధన. లారీల షెడ్డులో డ్రైవర్లందరినీ కూర్చోబెట్టి పేకలు తీసేసరికి ఆవిడకు 'పేకాట మేడం' అని పేరు పడిపోయింది. మామగారికి చదవడం రాదు, కాగితాలేవైనా ఉంటే చదివి పెట్టడానికని నన్ను వెంట తీసుకెళ్ళారు. నేను ఆయన వెనకే కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

ఆట తేలికైనదే. ఒక్కొక్కరి చేతిలో రెండు కార్డులు. తెల్లది వేస్తే ప్లాంటుకు వెళ్ళినట్టు, ఒక చింతగింజ ఇస్తారు. నల్లది వేస్తే కల్వర్టులో పోసినట్టు, టైము మిగిలింది కాబట్టి మూడు గింజలు. మధ్యలో ఒక గాజు జాడీ నిండా మంచినీళ్ళు, దాని వెనక అంటించిన కాగితం పిట్ట. పడిన ప్రతి నల్లకార్డుకీ ఒక చెంచాడు బురద జాడీలో కలుపుతారు. పిట్ట కనబడకుండా పోయిన రోజు అందరి గింజలూ పోయినట్టే. ఎవరు ఏం వేశారో ఎవరికీ తెలియకుండా కార్డులు బోర్లా వేయాలి.

మొదటిసారి పదకొండూ నల్లవే. పకపకా నవ్వుకున్నారు. నాలుగోసారికి పిట్ట మాయమైంది. మేడం మారుమాట లేకుండా అందరి గింజలూ ఊడ్చి తన డబ్బాలో పోసుకుంది. నవ్వులు ఆగిపోయాయి.

"ఇప్పుడు మీలో మీరు మాట్లాడుకోండి. మాట్లాడుకున్నాక మళ్ళీ ఆడదాం" అంది.

మాట్లాడుకున్నారు. తెల్లవే వేద్దామని చేతిలో చేయి వేసుకున్నారు. కార్డులు తిప్పితే నాలుగు నల్లవి. ఎవరా నలుగురని కొట్లాట. తర్వాతి ఆటకు ఆరు నల్లవి, అందులో ఒకటి మా మామగారిది. వెనక కూర్చున్నాను కదా, చూశాను. ఆయన వెనక్కి తిరిగి నన్ను చూసి, చూపు దించేసుకున్నారు.

ఈసారి మేడం కార్డులు వెల్లకిలా వేయమంది. ఎవరు ఏది వేస్తున్నారో అందరికీ కనబడుతుంది. మొదట ఒకే ఒక్క నల్లది పడింది, బక్కోడిది. పదిమందీ వాడివైపు చూశారు. ఆ తర్వాత ఎన్నిసార్లు ఆడినా ఒక్కటీ పడలేదు.

"మీరు చెడ్డవాళ్ళని చెప్పడానికి నేను రాలేదు. ఇందులో ఎవరు ఒక్కరే మారినా నష్టం వాళ్ళకే, లాభం మాత్రం అందరికీ. అలాంటప్పుడు ఎంత మంచివాడైనా ఎన్నాళ్ళు నిలబడతాడు చెప్పండి?" అంది మేడం.

"పన్నెండు రోజులు" అన్నారు మా మామగారు.

మేడం ఆయనవైపు చూసి, తన పుస్తకంలో ఏదో రాసుకుంది.

ఆవిడ ఆఫీసుల చుట్టూ తిరిగి ప్లాంటులో రెండో వాల్వు పెట్టించింది. గేటు దగ్గర ఒక నల్లబోర్డు వేలాడదీశారు. పదకొండు లారీల నంబర్లు, ఒక్కో లోడుకు ఒక్కో సుద్దగీత. ఇవాళ గీత పడినవాడికి రేపు ముందు వంతు. కల్వర్టు దగ్గర ఎవడైనా ఆగాడని తెలిస్తే, వాడి మోటారు చెడిపోయిన రోజున ఎవరూ సాయం పోకూడదని అందరూ కలిసి కట్టు పెట్టుకున్నారు. మోటార్లు వారానికోసారి చెడిపోతాయి కాబట్టి ఆ కట్టుకు బలం ఉంది. వరుసలో నిలబడే టైము ముప్పావుగంటకు దిగింది. మూడు నెలలు ఒక్క లారీ కల్వర్టు దగ్గర ఆగలేదు. మా మామగారు మళ్ళీ గడ్డం గీసుకోవడం మొదలుపెట్టారు. ఖాళీ లారీతో వస్తూ మడుగు పక్కన ఊరికే ఆగి, నీళ్ళు చూసి వచ్చేవారు. "ఎప్పుడు తేటపడుతుందో" అనేవారు. "నురగ తగ్గింది గానీ, తేటపడాల్సినంత పడలేదు."

నాలుగో నెలలో ఒక ఉదయం అద్దకం పనివాళ్ళ ఇంట్లో గుంత లాగారు. సరుకంతా నీలంరంగు. ప్లాంటుకు తీసుకెళ్ళి ఖాళీ చేసి, గీత గీయించుకున్నారు. గొట్టం మూత ఒకటి దొర్లి గోడ వెనక్కి పోతే ఏరుకోవడానికి వెళ్ళారు. ప్లాంటు వెనకవైపు ఎవరూ పోరు, అంతా ముళ్ళకంప. కంప పక్కకు తోస్తే అడుగు వెడల్పు పైపు ఒకటి గోడలోంచి బయటికొచ్చి కాలువలో దిగుతోంది. కాలువ పోయేది మడుగులోకే. పైపులోంచి వస్తున్న నీళ్ళు నీలంగా ఉన్నాయి.

అరగంట క్రితం తాను పోసిన లోడు. ముద్దలు ముద్దలుగా, దూది, గుడ్డపేలికలతో సహా, పోసింది పోసినట్టు పోతోంది. అప్పుడు గమనించారు, ప్లాంటులో పెద్ద తొట్లను కలిపే ఫ్యాన్లు తిరగడం లేదు.

నేరుగా మేనేజరు గదికి వెళ్ళారు. మేనేజరు పళ్ళెంలో కోసిన బొప్పాయిముక్కలు పెట్టుకుని ఫోర్కుతో తింటున్నాడు. మామగారు చెప్పింది విని, తినడం ఆపలేదు.

"రెండో వాల్వు కావాలని గోల చేసింది మీరే కదా" అన్నాడు. "ఇదివరకు రోజుకి నాలుగు లోడ్లు వచ్చేవి, హాయిగా సరిపోయేది. ఇప్పుడు ఇరవై వస్తున్నాయి. ఈ ప్లాంటు కట్టింది ఎనిమిదికి. మిగతావి నా నెత్తిన పోసుకోనా?"

"పట్టదని చెప్పొచ్చు కదండీ."

"ఎవరికి? పట్టదని రాస్తే ఎందుకు పట్టదని అడుగుతారు. కాగితాల మీద అన్నీ సరిగ్గా ఉన్నాయి. నువ్వు ఎనిమిదేళ్ళు కల్వర్టులో పోసినప్పుడు లేని బాధ ఇవాళెందుకు?"

మామగారు చేతిలో ఉన్న గొట్టం మూతకేసి చూసుకున్నారు.

మేనేజరు ఇంకో ముక్క గుచ్చుకుంటూ అన్నాడు: "ఒకటి ఆలోచించుకో. ఇది బయటపెడితే మీవాళ్ళేం చేస్తారు? వాడే పోస్తుంటే మనకెందుకీ వరుసలని రేపటినుంచి కల్వర్టుకే పోతారు. ఇప్పుడు ఎనిమిది లోడ్లయినా శుభ్రమవుతున్నాయి, అప్పుడు అవీ ఉండవు. మడుగు మీద అంత ప్రేముంటే నోరు మూసుకో."

ఫ్యాన్లే తిరగనప్పుడు ఆ ఎనిమిదైనా ఎక్కడ శుభ్రమవుతున్నాయని అడగాలని ఆయనకు ఇంటికొచ్చాకగానీ తట్టలేదు. తట్టగానే పెరట్లోకి పరిగెత్తి వాంతి చేసుకున్నారు. ఇరవయ్యారేళ్ళలో ఎన్ని వేల గుంతలు లాగారో, ఒక్కసారి డోకు వచ్చిందని నేను వినలేదు. అత్తగారు వీపు రాస్తూ "ఏం తిన్నారండీ?" అని అడిగితే, "తినలేదే. తినేవాణ్ణి చూశాను" అన్నారు.

పంతొమ్మిది రోజులు ఎవరికీ చెప్పలేదు. రోజూ వరుసలో నిలబడటం, ఖాళీ చేయడం, గీత గీయించుకోవడం. తాను పోసింది అవతలివైపునుంచి ఎక్కడికి పోతోందో తెలిసీ నిలబడటం. "ఇదివరకు నా చేత్తో పోసి సిగ్గుపడేవాణ్ణి. ఇప్పుడు గీతలు గీయించుకుని మరీ పోస్తున్నాను" అని ఇరవయ్యోరోజు నా దగ్గర బయటపడ్డారు. మేడంకి చెప్పమన్నాను. చెబితే అందరికీ తెలుస్తుందని భయపడ్డారు. మేనేజరు ఆ మాట ఆయన గొంతులో ముల్లులా దింపి వదిలాడు.

చివరికి నేనే మేడంకి ఫోను చేశాను. ఆవిడ మా ఇంటికొచ్చి, వంటింటి బల్ల దగ్గర కూర్చుని అంతా వింది.

"నేను పోసేవాళ్ళ చేతికే కార్డులిచ్చాను. పోయించుకునేవాడికి ఇవ్వాలని తోచలేదు. తప్పు నాదే" అంది.

"ఇప్పుడు మేనేజరును కూడా కూర్చోబెట్టి ఆడితే ఏమవుతుంది మేడం?" అని అడిగాను.

"ఆయన కార్డు బోర్లా ఉన్నన్నాళ్ళూ మీ కార్డులు వెల్లకిలా వేసి ప్రయోజనం లేదు. మూడు ఆటల్లో అంతా కూలిపోతుంది."

"అంటే ఆయన కార్డు తిప్పించాలి" అన్నారు మామగారు. "అది అర్జీలు పెడితే తిరగదు. మేం లోడు తేకపోతే మేనేజరుకి సుఖమే. కానీ లారీలు నిండుగా ఆయన గేటు ముందే నిలబడిపోతే? ఊళ్ళో గుంతలు పొంగుతాయి. ఊరు మా దగ్గరికి రాదు, ఆయన దగ్గరికే వస్తుంది."

మేడం నీళ్ళసీసాలు పట్టుకుని ఆ మర్నాడే కాలువ దగ్గరికి వెళ్ళింది, నమూనాలు తీసి పరీక్షకు పంపడానికి. ఆపై సోమవారం ఉదయం, పదకొండు లారీలూ వరుసలో ఉండగా, మామగారు డ్రైవర్లందరినీ గోడ వెనక్కి తీసుకెళ్ళి పైపు చూపించారు.

మేనేజరు చెప్పినట్టే అయింది. బక్కోడు తిరిగొచ్చి లారీ స్టార్టు చేశాడు.

"నేను కల్వర్టుకి పోతున్నా. ఇక్కడిదాకా రావడానికి ఇంకో ఏడు కిలోమీటర్ల డీజిలు దేనికి? మూడు నెలలు మనల్ని వెధవల్ని చేశాడు."

మామగారు తన లారీని రోడ్డుకు అడ్డంగా తెచ్చి పెట్టి, దిగి బక్కోడి కిటికీ దగ్గర నిలబడ్డారు.

"పోరా. వాడు కోరుకునేది అదే. రేపు ఎవరైనా మడుగు సంగతి అడిగితే, ఇదిగో లారీలవాళ్ళే పోస్తున్నారని నిన్ను చూపిస్తాడు. ఆ పైపు నీ వెనక దాక్కుంటుంది. పో, నీకు దండ వేస్తాడు."

బక్కోడు బండి ఆపి, తాళంచెవి తీసి మామగారి చేతికిచ్చాడు. "ఇది నీ దగ్గరుంచు పెద్దాయనా. నా మీద నాకు నమ్మకం లేదు."

మూడు రోజులు పదకొండు లారీలూ నిండుగా ఆ గేటు ముందే ఉన్నాయి. ఎండకు ట్యాంకులు వేడెక్కి వచ్చే కంపు మేనేజరును గదిలో కూర్చోనిచ్చేది కాదు. రెండోరోజుకు ఊళ్ళో గుంతలు పొంగడం మొదలైంది. కిటికీలు మూసుకునే జనం, వీధి చివరికి పారిపోయే జనం, ముక్కులకు రుమాళ్ళు కట్టుకుని ప్లాంటు దాకా వచ్చారు. నేను మామగారికి క్యారియరు పట్టుకెళ్ళినప్పుడు చూశాను. ఒకావిడ ఆయన మొహం మీదే చేయి ఊపుతూ, "మీ గొడవలకి మా ఇళ్ళు కంపు చేస్తారా?" అంటోంది.

"అమ్మా, వెనక్కి వచ్చి పైపు చూడండి. మీ ఇంటిది ఎక్కడికి పోతోందో చూపిస్తాను" అన్నారు మామగారు.

"అది నాకెందుకు? లారీ ఎప్పుడు వస్తుందో చెప్పు."

వచ్చినవాళ్ళలో గోడ వెనక్కి వెళ్ళి చూసింది ముగ్గురో నలుగురో. మా మామగారి మొహం నేను ఎప్పటికీ మరిచిపోను. మేనేజరు గురించి చెప్పినప్పుడు కూడా అంత రోత లేదు ఆ మొహంలో.

ఆ సాయంత్రం మేనేజరు ఇంటినుంచి కూడా ఫోను వచ్చింది, బక్కోడికి. "వరుసలో ఉన్నాం అమ్మగారూ, సార్ వెనక పైపు మూసేస్తే వచ్చేస్తాం" అని మహా మర్యాదగా చెప్పి పెట్టేశాడు. మూడు రోజుల్లో డ్రైవర్లు నవ్వింది అప్పుడొక్కసారే.

మూడోరోజు మధ్యాహ్నం పై అధికారులు కార్లలో వచ్చారు. పరీక్ష ఫలితాలు పట్టుకుని మేడం కూడా వచ్చింది. అందరి ముందు కంప నరికించి, పైపు చూశారు. ఫ్యాన్లు ఎన్నాళ్ళుగా ఆగి ఉన్నాయో కరెంటు మీటరే చెప్పింది. సాయంత్రానికి పైపు నోట్లో సిమెంటు కూరారు. ఇకనుంచి రోజుకు ఎనిమిది లోడ్లే తీసుకోవాలని, లారీలు వంతులవారీగా రావాలని, ఇంకో తొట్టి కట్టేదాకా ఊళ్ళోవాళ్ళు వారం ఆగాల్సివస్తే ఆగాలని తేల్చారు. బోర్డు మీద ఇప్పుడు లారీల గీతల పక్కన ప్లాంటు గీతలు కూడా వేస్తారు, ఎంత వచ్చింది, ఎంత శుద్ధయింది అని. అది మేడం పట్టుబట్టి రాయించింది.

మేనేజరును మంచినీళ్ళ విభాగానికి బదిలీ చేశారు, ఒక మెట్టు పైకి. ఆ కబురు విన్నరోజునుంచి మా అత్తగారు కుళాయినీళ్ళు రెండుసార్లు కాచందే ఎవరినీ తాగనివ్వడం లేదు.

కట్టు పూర్తిగా నిలబడిందని చెప్పను. నెల తిరక్కుండా ఇద్దరు మళ్ళీ కల్వర్టు దగ్గర ఆగారు. ఒకడు మోటారు చెడి, రెండు రోజులు ఎవరూ పలకక, దారికొచ్చాడు. రెండోవాడు ఇప్పటికీ తెల్లవారకముందే పోసిపోతాడు. మడుగు సగం తేరుకుంది. మేడం అప్పుడప్పుడూ వచ్చి నీళ్ళు పట్టుకెళుతుంది. మా మామగారిని ఏదో సభలో మాట్లాడటానికి రమ్మంటే రానన్నారు. "ఎనిమిదేళ్ళు పోసినవాణ్ణి. చప్పట్లు కొడితే వాంతొస్తుంది" అన్నారు.

మొన్న ఒక పెద్దమనిషి ఇంటికి పిలిస్తే వెళ్ళారు. గుంత మూత తీసి చూసి, తన వంతు గురువారమని, అప్పుడొచ్చి లాగుతానని చెప్పారు.

ఆ పెద్దమనిషి గొంతు తగ్గించి, "గురువారం దాకా ఎందుకయ్యా? లాగేసి, దార్లో ఎక్కడో ఒకచోట వదిలేయ్. ఎవరు చూస్తారు?" అన్నాడట.

మామగారు మూత మళ్ళీ బిగించి, గొట్టం చుట్టి లారీలో పడేసుకుని వచ్చేశారు. ఆయన వీధి మలుపు తిరగకముందే ఆ పెద్దమనిషి బక్కోడికి ఫోను చేశాడు. తన వంతు శుక్రవారమని చెప్పాడట బక్కోడు.